అమ్మగారు చెప్పిన నంబరు

ఆఫీసులో అందరూ ఆయన్ని ఇనప్పెట్టె అనేవారు. వెటకారానికి కాదు, మెచ్చుకోలుగానే. సీసాలు తయారుచేసే ఆ కంపెనీలో డైరెక్టర్ల మీటింగులకు కాగితాలు సిద్ధం చేసే పని ఆయనది. ఎవరికి పదవి రాబోతోందో, ఎవరి కుర్చీ కిందికి నీళ్ళు రాబోతున్నాయో అందరికంటే ముందు ఆయనకే తెలిసేది. అయినా ఆ నోట్లోంచి మాట జారితే ఒట్టు. కొందరి నోట్లో నువ్వుగింజ నానదు. ఈయన నోట్లో బస్తా నువ్వులు పోసినా నాని మొలకెత్తాల్సిందేగాని ఒక్క గింజ బయటికి రాదు. ఆ పేరు ఇంటిదాకా పాకింది. "ఆయన్ని అడిగి లాభంలేదమ్మా, ఇనప్పెట్టె," అని భార్య చుట్టాల ముందు గర్వంగా విసుక్కునేది.

పొగడ్త చెవిన పడితే పరవాలేదు. తలకెక్కితేనే చిక్కు. ఈయనకు ఎక్కింది.

వెనకటి రోజుల్లో ఆ కాగితాలను కవర్లలో పెట్టి, లక్క కరిగించి ముద్రవేసి, తనే స్వయంగా డైరెక్టర్ల ఇళ్ళకు మోసుకెళ్ళేవాడు. కంపెనీ పెట్టినాయన పోయాక ఆయన కుర్చీ భార్యకు వచ్చింది. ఆవిడను అందరూ అమ్మగారనే పిలిచేవారు. వయసుతోపాటు ఆవిడకు చూపు మందగించింది. "వచ్చావు కదా, ఆ కవరేదో నువ్వే చింపి చదివిపెట్టు నాయనా," అంది ఒకసారి. అదే అలవాటైపోయింది. వరండాలో పేము కుర్చీలో ఆవిడ, ఎదురుగా స్టూలు మీద ఈయన. లెక్కలొచ్చిన చోట ఆపించి మళ్ళీ చదివించుకునేది. "ఇందులో మనుషుల సంగతి ఏ పేజీలో ఉంది?" అని అడగకుండా ఏనాడూ వదిలేది కాదు. ఆ ప్రశ్న అడిగే డైరెక్టరు ఆవిడ ఒక్కతే.

తర్వాత లక్క పోయి కంప్యూటర్ వచ్చింది. బోర్డు కాగితాలన్నీ ఒక భద్రమైన యాప్‌లో పెట్టడం మొదలైంది. డైరెక్టర్లకు తలా ఒక టాబ్లెట్ ఇచ్చారు. యాప్ అమర్చడానికొచ్చిన ఇంజినీరమ్మాయి అన్నీ విడమర్చి చెప్పింది. ప్రింటు రాదు, కాపీ రాదు, తెరను ఫొటో తీసుకోవాలని టాబ్లెట్‌లో నొక్కితే నల్లగా వస్తుంది. ప్రతి పేజీకీ అడ్డంగా, బూడిదరంగులో, చదువుతున్నవాళ్ళ పేరు పడుతుంది. తెరవాలంటే వాళ్ళ ఫోనుకు ఆరంకెల నంబరు వస్తుంది, అదీ రెండు నిమిషాల్లో పాడైపోతుంది. "ఆ నంబరు కన్నతల్లికి కూడా చెప్పకూడదండీ," అంది. అందరికంటే గట్టిగా తలూపింది ఈయనే.

చిక్కేమిటంటే, కాగితాలు ఎక్కించేదాకానే ఆ యాప్ ఈయన్ని రానిస్తుంది. ఎక్కించాక చదివే హక్కు డైరెక్టర్లకే. మరి అమ్మగారికి చదివి వినిపించాలంటే? ఆవిడ పేరుతోనే లోపలికి వెళ్ళాలి. అలా ఆవిడ టాబ్లెట్ ఈయన సంచిలోకి చేరింది. ఈయన ఇక్కడ నొక్కేవాడు, అక్కడ ఆవిడ ఫోను మోగేది. ఆవిడ భూతద్దం పట్టుకుని, అంకెలు ఒక్కొక్కటే పలికి, చివర "రాసుకున్నావా నాయనా?" అనేది. ఇది తప్పని ఇద్దరికీ తెలుసు. పైకి చెబితే చూపులేదన్న సాకుతో ఆవిడను కుర్చీలోంచి లేపేస్తారని ఈయన భయం. చెప్పకపోతే ఏమవుతుంది, నా నోరు దాటదుగా అని ధీమా. ఇనప్పెట్టెకు నోరొక్కటే తలుపనుకున్నాడు పిచ్చివాడు.

ఒక మీటింగుకు రెండో ఫ్యాక్టరీ మూసేయాలన్న కాగితం వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో ఈయన బావమరిది ఫోర్‌మన్. అయినా భార్యకు కూడా చెప్పలేదు. అంతవరకూ నిజంగా ఇనప్పెట్టే.

అమ్మగారి దగ్గర తడుముకోకుండా ఉండాలని కష్టమైన మాటలను ముందుగా ఇంట్లో చదువుకునే అలవాటుంది ఆయనకు. ఆ ఆదివారం పొద్దున భోజనాల బల్ల దగ్గర అదే పనిలో ఉంటే బావమరిది వచ్చాడు. ఈయన టాబ్లెట్‌ను బోర్లా పెట్టి పలకరించాడు. ఇంతలో నీళ్ళ ట్యాంకు పొంగిపోతోందని భార్య కేకేసింది. డాబా మీదికి పరిగెత్తాడు. కాసేపు ముట్టకపోతే తెర దానంతటదే మూసుకుపోయే ఏర్పాటు ఉంది. మాటిమాటికీ ముసలావిణ్ణి నంబరు అడగడం ఏం బాగుంటుందని దాన్ని తీసేసింది ఈయనే. కిందికొచ్చేసరికి టాబ్లెట్ బోర్లా పెట్టింది పెట్టినట్టే ఉంది. బావమరిది మాత్రం టీ సగంలో వదిలేసి, "వెళ్ళొస్తా బావా," అని మొహం చూడకుండా చెప్పులేసుకున్నాడు.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు ముందు జనం. ఆ పేజీ ఫొటో ప్రతివాడి ఫోనులోనూ ఉంది. టాబ్లెట్ లోపల్నుంచి తీస్తే నల్లగా వచ్చేది నిజమే. ఎదురుగా ఇంకో ఫోను పెట్టి తీస్తే ఏ యాప్ మాత్రం ఏం చేస్తుంది? పేజీకి అడ్డంగా, బూడిదరంగులో, అమ్మగారి పేరు.

"నా ఒక్కడి సంగతైతే నోరు మూసుకునేవాణ్ణి బావా," అన్నాడు బావమరిది ఫోనులో. "మావాళ్ళందరి మొహాలు గుర్తొచ్చాయి. ఆగలేకపోయా. నీ పేరెక్కడా లేదులే, చూసుకునే పంపా."

ఆ చివరి మాట వినగానే ఈయన ఫోను పెట్టేశాడు. వాణ్ణి ఏమని తిడతాడు? వాడిది కడుపు భయం. తనది ఏ భయమని చెప్పుకోవాలి?

ఆ సాయంత్రమే బోర్డు కూర్చుంది. గోడ పక్కన నిలబడి, పెద్ద తెర మీద పేజీలు చూపించడం ఈయన పని. చైర్మన్ ఆ ఫొటో వెయ్యమన్నాడు. వేశాడు. తన చేత్తో తనే వేశాడు. ఫ్యాక్టరీ మూసే మాట కిందటి మీటింగులో మొదటిసారి వచ్చినప్పుడు వద్దని వాదించింది అమ్మగారొక్కరే. ఇప్పుడు ఆవిడ పేరూ దొరికింది.

"ఇది మీ పేరేనా అమ్మగారూ?" అన్నాడు చైర్మన్.

"నాకు అంత దూరం ఆనదు బాబూ. నాదంటే నాదే."

"మీ టాబ్లెట్ ఎవరి చేతికైనా ఇచ్చారా?"

ఆవిడ గోడవైపు తిరగలేదు. "ఇవ్వలేదు," అంది.

ఇనప్పెట్టె తెరుచుకోవాల్సింది అప్పుడే. ఉద్యోగం పోతుంది, బావమరిది పేరు బయటపడుతుంది, భార్య పుట్టింటి ముందు తలెత్తుకోలేదు. ఇవన్నీ గబగబా లెక్కేసుకున్నాడుగాని, ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. చూపులేని మనిషి కాగితాల మధ్య ఉండకూడదని చెప్పి, అమ్మగారు తనంతట తనే తప్పుకుంది. చేతికర్ర వెతుక్కుంటుంటే ఈయనే అందించాడు. "చల్లగా ఉండు నాయనా," అంది. సిగ్గుతో చచ్చిపోయాడు, కానీ సిగ్గుపడితే సరిపోదుగా.

మర్నాడు పొద్దున్నే చైర్మన్ గదికి వెళ్ళి, నిలబడే ఉన్నదంతా చెప్పేశాడు. టాబ్లెట్, నంబరు, బావమరిది, ఏదీ దాచలేదు. చైర్మన్ లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు సార్."

"మంచి పని చేశారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ప్రతిదానికీ అడ్డమే. మర్యాదగా తప్పుకున్నారు, ఇప్పుడు మళ్ళీ కెలకడం దేనికి? మీరూ హాయిగా ఉండండి, మీ బావమరిదీ ఉంటాడు. వెళ్ళి యాప్‌లోంచి ఆవిడ పేరు తీసేయండి." దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "ఊరికే అన్నారా మిమ్మల్ని ఇనప్పెట్టె అని!"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో చైర్మన్ చెయ్యి ఆయన భుజం మీద పడడం అదే మొదటిసారి. చొక్కా మీద పేడ పడ్డట్టనిపించింది. అయినా "సరే సార్" అనే వచ్చాడు.

తన బల్ల దగ్గర కూర్చుని ఆవిడ పేరు వెతికి, 'తొలగించు' అన్నచోట నొక్కాడు. యాప్ ఒప్పుకోలేదు. ఎవర్ని తొలగిస్తున్నామో వాళ్ళ ఫోనుకే నంబరు వెళ్ళింది. అది కొడితేగాని పేరు పోదట. తప్పించుకునే దారి లేక ఫోను చేశాడు.

"వచ్చింది నాయనా నంబరు. ఏం కాగితాలు?" అంది అమ్మగారు.

"కాగితాలు కావమ్మా. మీ పేరు తీసేయడానికి."

"దానికీ నన్నే అడగాలా?" అని నవ్వింది. "ఉండు, భూతద్దం తీసుకోనీ." అంకెలు ఒక్కొక్కటే పలికింది. "రాసుకున్నావా నాయనా?"

రాసుకున్నాడు. కొట్టలేదు.

"అమ్మగారూ, ఆ ఫొటో మా ఇంట్లో తీసింది. మా బావమరిది."

"మీటింగులో గోడపక్కన ఉన్నావుగా నువ్వు?"

"ఉన్నానమ్మా."

"అప్పటికే తెలుసా?"

"తెలుసమ్మా."

"నువ్వయి ఉండవనుకున్నా," అంది ఆవిడ మెల్లగా. "అందుకే ఇవ్వలేదని అబద్ధం చెప్పా. అనవసరంగా నీ మీదికి వస్తుందని."

తిడితే బాగుండుననిపించింది ఈయనకు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు, పరవాలేదులే అని కూడా అనలేదు.

"ఇందాకటి నంబరు పాడైపోయుంటుంది," అంది చివరికి. "మళ్ళీ నొక్కు."

నొక్కాడు. అవతల ఫోను టింగుమంది. ఆవిడ మళ్ళీ అంకెలు చెప్పింది, ఎప్పటిలాగే ఒక్కొక్కటే, తొందర లేకుండా. ఈసారి రాసుకున్నావా అని అడగలేదు.