ఈశాన్యం మూల మూత

కొమురయ్యకు అసహ్యం వేయని వస్తువు ప్రపంచంలో ఒకటే ఉండేది. బాలానగర్ ఫ్యాక్టరీలో ఆయన చేతికింద ఏళ్లతరబడి తిరిగిన లేతు మిషను అది. ఫ్యాక్టరీకి తాళం పడ్డాక దాన్ని పాత ఇనుము కింద తూచి ఎత్తుకుపోయారు. ఆపైన ఆయన అభిమానానికి నోచుకున్నదేదీ భూమ్మీద మిగల్లేదు.

అమీర్‌పేటలో ఒక కోర్సు చదివి, మాదాపూర్‌లో పుట్టుకొస్తున్న ఆఫీసులకు కంప్యూటర్ల కేబుల్ లాగే పనిలో దిగాడు. మాదాపూర్ ఆయన అసహ్యానికి అన్నివిధాలా అనువైన చోటు. పొద్దున బండలు పేల్చేవారు. మధ్యాహ్నం ఆ దుమ్ములోనే అద్దాల మేడలకు భూమిపూజలు. ఛాయ్‌లో రాతిపొడి. మెడకు టై, మోకాళ్లదాకా బురద. వీటన్నిటి మీదా కొమురయ్య అభిప్రాయం ఒకే అక్షరంలో ఉండేది: "ఛీ."

ఏదైనా అడిగితే వివరించడం ఆయన వంశంలో లేదు. "చెప్తె సమజైతదా మీకు?" అనేవాడు. అడిగినవాడు తన మూర్ఖత్వానికి తానే సిగ్గుపడి వెళ్లిపోయేవాడు.

రామ్మోహనరావు గారు వెళ్లిపోలేదు. ఆయన భీమవరం నుంచి వచ్చి, అమెరికా డాక్టర్లు టేపుల్లో గొణిగింది ఇక్కడి పిల్లల చేత టైపు చేయించే ఆఫీసు పెడుతున్నారు. మేడ ఆయన బావమరిదిది. "సోమవారం ప్రారంభోత్సవానికి నెట్‌వర్కు పనిచేసిందా, పై అంతస్తుల పనంతా నీదేనయ్యా" అన్నారు. పనిచేయకపోతే ఏమవుతుందో కొమురయ్యకు తెలుసు. ఆయన కోసం ఇంకో ఉద్యోగం సిద్ధంగా ఉంది: మూతపడ్డ తన ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. తాళానికి కాపలా. ఆ ఊహకు మాత్రం ఛీ కూడా చాలేది కాదు.

శ్రద్ధగా లాగాడు. ఒకే నల్లటి కేబుల్, గోడల వెంట కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు. ఆ మొదట ఒక చిన్న మూత, ఈ చివర ఒక చిన్న మూత. చివరిది ఈశాన్యం మూల పడింది.

"ఈ మూతలెందుకండీ? వీటికేమీ తగిలించలేదుగా?" రామ్మోహనరావు గారు వంగి చూశారు.

"ఉండాలె. అంతే."

సోమవారం పొద్దున, ముహూర్తానికి కాస్త ముందు, నెట్‌వర్కు చచ్చింది. నిన్న ఒకదాన్నొకటి పలకరించుకున్న కంప్యూటర్లన్నీ అన్నదమ్ములు వేరుపడ్డట్టు ఎవరి మొహం వారు చూసుకుంటున్నాయి. కొమురయ్య ప్రతి కనెక్షనూ తడిమి, ఈశాన్యం మూలకు వచ్చి ఆగాడు. మూత లేదు.

"గా ముక్కనా? సారే పీకిండు," అంది ఊడుస్తున్న సత్తెమ్మ. "పంతులు జెప్పిండంట, ఈశాన్యం మూస్తె లచ్చిమి రాదని. గాడ దేవుని కాడ వెట్టిన్రు."

నిజమే. గంధం, కుంకుమ పెట్టుకుని, ఒక తులసిదళంతో ఆ మూత వేంకటేశ్వరస్వామి పాదాల దగ్గర కూర్చుంది.

కొమురయ్య జీవితంలో మొదటిసారి వివరించాడు. సత్తెమ్మ చెప్పిన ఆ పంతులు, సిల్కు కండువాతో కుర్చీలో ఉన్న వాస్తు సిద్ధాంతి గారి ముందు నిలబడి వివరించాడు.

"గోడకు బంతి కొడితె ఎనకకు రాదా సార్? తీగల మాట గూడ గంతే. కొసకు వొయ్యి మర్లొస్తది, వచ్చి ఎనకొచ్చే మాటల మీద పడ్తది. గా మూత దాన్ని మింగేస్తది. జర పెట్టనియ్యుండ్రి."

సిద్ధాంతి గారు కళ్లు మూసుకుని విన్నారు. "మింగుతుందంటున్నాడు. విన్నారా? ఈశాన్యంలో మింగేది ఉండకూడదనే కదండీ నేను మొత్తుకునేది."

"ఎంత మాటన్నావయ్యా కొమురయ్యా!" రామ్మోహనరావు గారు చెంపలు వేసుకున్నారు.

"మరెక్కడుండచ్చు అయ్యగారూ?" ఆ మాట తన నోట ఎలా వచ్చిందో కొమురయ్యకే తెలియలేదు. కళ్ల ముందు ఫ్యాక్టరీ గేటు కనిపించింది, అంతే.

"వాయవ్యంలో పెట్టుకో. అక్కడ ఏం మింగినా ఫర్వాలేదు."

కేబుల్‌కు ఇంకో ముక్క కలిపి ఉత్తరపు గోడ వెంట వాయవ్యానికి లాక్కుపోయి, కుంకుమ తుడిచి మూత బిగించాడు. కంప్యూటర్లు పలికాయి. కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు పక్కనున్న కీబోర్డులోకి పోతుంటే అందరూ చప్పట్లు కొట్టారు.

"చూశావా మరి! దిక్కు మార్చామో లేదో, పలికింది," అన్నారు రామ్మోహనరావు గారు.

"దిక్కు గాదు సార్. మూత."

"మూతదేముందయ్యా, ఇందాక దేవుడి దగ్గర ఉంది కదా, అప్పుడు పలికిందా! పై అంతస్తులు నీకే. కాకపోతే సిద్ధాంతి గారు చూపించిన దారినే లాగాలి. ఆయన్ను బాలానగర్ నుంచి తీసుకొచ్చే పూచీ నీది. మీ పక్క వీధేనట."

వాచ్‌మన్ ఉద్యోగం తప్పింది. మర్నాడు కొమురయ్య పాత స్కూటరు మాదాపూర్ బయల్దేరింది. వెనక సీటుమీద సిల్కు కండువా, దాని ఒళ్లో కేబుల్ చుట్ట. కూకట్‌పల్లి దాటకముందే లారీ ఒకటి ఇద్దరి మీదా బురద చిమ్మింది. కొమురయ్య నోరు తెరిచాడు.

"పనిమీద వెళ్తూ ఛీ అనకూడదు నాయనా," సిద్ధాంతి గారు భుజం తట్టారు. "కీడు."

కొమురయ్య ఆ ఛీని మింగేశాడు.