ఫిట్టరన్న కొట్టేసిన మాటలు

రాష్ట్రం రాకముందు, నాచారంలో మా ఫ్యాక్టరీ ఫిట్టరన్నకు ఒక అలవాటు ఉండేది. తెలంగాణ కోసం ఏ కరపత్రం రాసినా ముందు క్యాంటీన్ ఊడ్చే అక్కకు చదివి వినిపించేవాడు. ఆమెకు చదువు రాదు. ఆమెకు అర్థం కాని మాటను అక్కడికక్కడే కొట్టేసేవాడు.

ఉప్పల్ చౌరస్తాలో ధర్నాకు కరపత్రం నేను రాశాను. పని పోతుందని అందరూ జంకుతున్న రోజులవి. "దాస్య శృంఖలాలు" అని మొదలుపెట్టాను. నేను చదువుతుంటే అక్క చివరిదాకా విన్నది.

"మంచిగనే సదివినవు తమ్మీ. ఏం జెప్పినవో సమజ్ గాలే."

"మరి నీకు తెలంగాణ ఎందుకక్కా?" అని ఫిట్టరన్న ఆమెనే అడిగాడు.

"మా ఊరి పక్కపొంటే కాల్వ పోతది. మా బాయిల సుక్క నీళ్లు లెవ్వు. గందుకే ఈడ ఊడుస్తున్న."

అన్న నా కాగితం వెనక్కి తిప్పి ఆ మాటలే రాశాడు. కింద ధర్నా సమయం వేశాడు. నిజం చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది.

ధర్నా రోజు ప్యాకింగ్ ఆడవాళ్లంతా ఆ కరపత్రం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు. "మా ఊర్ల గూడ గంతే" అంటోంది ఒకామె. పేర్లు రాసుకుంటానని సూపర్‌వైజర్ బెదిరిస్తే, "నాది ముందుగాల రాయి సారూ" అన్నది అక్క.

నినాదాలిస్తూ నేను వాళ్ల ముందుకు పోబోతే అన్న నా చెయ్యి పట్టి ఆపాడు.

"వాళ్లను నడవనీయ్."

ఉప్పల్ దాకా ఆయన ఒక్క నినాదమూ ఇవ్వకుండా, వాళ్ల మాటలు వింటూ వెనకే నడిచాడు.