సరస్సుకు వంతులు నేర్పిన సుభద్ర మేడమ్

పోయిన సోమవారం పొద్దున, ఈ పరదేశంలో మా ఊరైన వెర్రిబీ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా ఆ దుర్వార్త తెలిసింది. డాక్టర్ సుభద్ర గారు నిద్రలోనే దివంగతులయ్యారని వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. రైలు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. నాలుగు రోజుల కిందటే నన్ను ఫోన్‌లో చీవాట్లు పెట్టిన మనిషి ఇక లేరంటే మనసు ఎలా ఒప్పుకుంటుంది?

పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవారి ఇంట పుట్టి, జలజీవశాస్త్రంలో పరిశోధన చేసి, ఇక్కడి యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన విదుషీమణి ఆవిడ. రిటైరయ్యాక మాకు మూడు గంటల దూరంలోని ఉప్పునీటి సరస్సే ఆవిడ లోకం. సరస్సని పేరే గాని అవతలి ఒడ్డు కనబడదు, నేల మధ్య సముద్రమే. అడుగున చేపపిల్లలు పెరిగే గడ్డి నశించి, చేపలు తగ్గి, జాలర్లు ఒక్కొక్కరే పడవలు అమ్ముకుంటున్న రోజులవి. గడ్డి మొలిస్తేనే చేప, చేప ఉంటేనే ఆ ఊరు అనేవారు మేడమ్.

కంప్యూటర్ ఉద్యోగం నాది, ఆదివారాలు ఆవిడ గడ్డి నాటే పనికి సాయం వెళ్లేవాణ్ణి. ఒకసారి గడ్డి నాటే చోటును మ్యాప్ చూసి నేనే నిర్ణయించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! అది ఫ్రాంక్ అనే వృద్ధ జాలరి తాతలనాటి నుంచి వల వేసే చోటు. నాటినదంతా వారంలో వలతో పాటు పైకి వచ్చింది. ఆయన నిప్పులు కక్కాడు. మేడమ్ నన్నే పట్టుకున్నారు.

"ఏం అబ్బయా, మ్యాప్ చూసి నాట్లేసినావే, ఆ నీళ్ల మీద బతికేవోళ్లని ఒక్క మాట అడిగినావా? పద, పొయ్యి సారీ చెప్పు."

చెప్పాను. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. జాలర్లందరినీ ఫ్రాంక్ షెడ్డులో కూర్చోబెట్టి, పులికాట్‌లో తమ పెద్దల కట్టుబాటు వివరించారు. అక్కడ నీళ్లు ఎవరి సొంతమూ కావు; ఎవరు ఎక్కడ వల వేయాలో చీటీలు వేసి వంతులు పంచుకుంటారు. "ఇక్కడా వేద్దాం. ఒక చీటీ మీద గడ్డి అని రాద్దాం. అది వచ్చినవారు ఆ ఏడాది తమ చోటు గడ్డికి వదలాలి. నష్టం కూడా వంతులవారీగానే," అన్నారు. జాలర్లు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. తొలి ఏడు ఆ చీటీ ఫ్రాంక్‌కే వచ్చింది! టోపీ నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు గాని, మాట తప్పలేదు. మూడో ఏటికి అక్కడ గడ్డి ఒత్తుగా పెరిగి చేపపిల్లలు తిరగసాగాయి.

అంత్యక్రియలకు జాలర్లందరూ వచ్చారు. ఫ్రాంక్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఆ ఏడు వేరే చోట నాకు చేపలు సరిగా పడలేదు. నా దగ్గర పనిచేసేవాడు మానేశాడు. మరుసటి వారమే ఆవిడ వచ్చి పడవెక్కింది. ప్రతి బుధవారం, ఏడాదంతా, నాతో వల లాగింది. తర్వాత గడ్డి చీటీ ఎవరికొస్తే వాళ్ల పడవెక్కింది. ఎవరికీ చెప్పొద్దంది."

డెబ్బై దాటిన మనిషి! బుధవారాలు ఫోన్ ఎత్తరేమని మేం ఆట పట్టిస్తే నవ్వేసి ఊరుకునేవారు. ఎన్నో నేర్పిన ఆ మహనీయురాలు అసలు సంగతి మాత్రం చెప్పకుండానే వెళ్లిపోయారు. ఆవిడ పాదాలకు నమస్కరించాను. దుఃఖం ఆగలేదు.

వచ్చే నెల మళ్లీ చీటీలు వేస్తారు. ఈసారి బుధవారాలు నేను వస్తానన్నాను. కీబోర్డు తప్ప ఎరగని నా చేతులకేసి చూసి, ఫ్రాంక్ భుజం తట్టాడు.