పోచమ్మకు పోసిన పిల్స్‌నర్

ముందే ఒట్టు పెడుతున్నాను. వేములవాడ రాజన్న సాక్షిగా, ధర్మపురి నర్సన్న సాక్షిగా, ఇందులోని ప్రతి అక్షరం నిజం. నా మాటల్లో నూటికి తొంభై కోతలేనని కరీంనగర్‌లో మా వాడకట్టంతా అంటుంది. అననీయండి. ఇది మాత్రం పగతో రాస్తున్నాను. పగబట్టిన మనిషికి అబద్ధాలతో పనేముంది? నిజమే చాలు.

పగ మా బావ మీద. మా అక్క భర్త. బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనిచేసి రిటైరయ్యాడు. చెయ్యి పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. పగకు కారణం ఆరు సీసాల బీరు. నవ్వకండి, చివరిదాకా వినండి.

వయసులో ఉన్నప్పుడు నేను గల్ఫ్‌లో ఒక హోటల్లో నాలుగేళ్లు గ్లాసులు కడిగాను. అక్కడ బీరు పోసే పెద్దాయనది చెక్ దేశం. పిల్సెన్ అనే ఊరి పక్కన పుట్టాడు. పిల్స్‌నర్ బీరు పుట్టిందీ అక్కడేనని, తన మేనత్త కొడుకెవడో కనిపెట్టినంత గర్వంగా చెప్పేవాడు. మా అవ్వ మెతుకు పట్టి చూసినంత శ్రద్ధగా ఒక్కో గ్లాసునూ వెలుగుకెత్తి చూసేవాడు. వేలి జిడ్డు కనబడిందా, గ్లాసు మళ్లీ నా దగ్గరికే. జిడ్డున్న గ్లాసులో నురగ నిలవదట.

డ్యూటీ దిగాక నాకో గ్లాసు పోసేవాడు. వాళ్ల పద్ధతి పిల్స్‌నర్‌ది ముదురు బంగారం రంగు. మొదటి గుక్కలో కాలిన రొట్టె అంచు రుచి, మింగాక నాలుక వెనకాల చేదు. కాకరకాయ చేదు కాదు, మెంతికూర చేదు. జర్మన్ల పద్ధతిది ఇంకోటి ఉండేది. పలచని రంగు, తీపి తక్కువ, చేదు సూటిగా వచ్చి సూటిగా వెళ్లిపోతుంది. తిండితో పాటైతే నాకు చెక్‌ది కావాలి, ఎండపూట జర్మన్‌ది కావాలి. ఇన్నేళ్లయినా ఈ తీర్పు మార్చుకోలేదు.

తిరిగొచ్చాక ఈ సంగతి ఎవరికి చెప్పాలి? మా వైపు బీరంటే రెండే రకాలు, స్ట్రాంగు, లైటు. లైటు తాగేవాణ్ని జ్వరమొచ్చినవాణ్ని చూసినట్టు చూస్తారు. పైగా మేమంతా కల్లు తాగి పెరిగినవాళ్లం. కల్లు మీది నురగను ఊదేసి తాగాలి. నురగ మరీ ఎక్కువుంటే పోసినవాడు దగా చేశాడని కొట్లాడాలి. బీరుకూ అదే న్యాయం. గ్లాసు వంచి, అంచు వెంట జార్చి, చుక్క నురగ రాకుండా పోసినవాడు మొనగాడు. పిల్స్‌నర్ మీద మూడు వేళ్ల మందం నురగ ఉండాలని, దాని వాసనంతా ఆ నురగ కిందే దాగి ఉంటుందని నేనంటే, “గల్ఫుల నురగ తాగి బతికినవా?” అనేవారు.

అందుకే ఒకటే కోరిక పెట్టుకున్నాను. ఒక్కసారి, ఒక్క గ్లాసు, పద్ధతిగా పోసి వీళ్ల నోటికి అందించాలి. అప్పుడు నా మాటకు సాక్ష్యం దొరుకుతుంది.

హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణంలో ఆరు సీసాలు దొరికాయి, మూడు చెక్‌వి, మూడు జర్మన్‌వి. శ్రావణంలో అక్కవాళ్లింట్లో పోచమ్మ బోనాలు. తడి తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, కరీంనగర్ నుంచి బెల్లంపల్లి బస్సెక్కాను. నేను పట్టుకున్న తీరు చూసి పక్కసీటు పెద్దమ్మ, “పిల్లకు జర గాలాడనియ్యి కొడుకా” అంది. కాస్త తువ్వాల వదులు చేశాను.

మధ్యాహ్నం కోళ్లు కోశాక నేను గాజు గ్లాసులు ఉప్పుతో రుద్ది కడగడానికి వెళ్లాను. వచ్చేసరికి బావ ఒక సీసా మూత తీసి, స్టీలు గ్లాసులో పోసుకుని, పిడికెడు ఐసు వేసి, నురగను అరచేత్తో తీసి నేలకు కొట్టేశాడు. ఒక గుక్క తాగాడు.

“థూ! గిదేం బీరుర బామ్మర్దీ? వేపాకు కషాయం లెక్కున్నది!”

“ఐసెందుకేసినవ్ బావా? జర ఆగు, నేను పోస్త.”

“నువ్వు గాలి పోస్తవ్. నీకొచ్చిన పని గదొక్కటే!”

వాకిలి నిండా చుట్టాలు విరగబడి నవ్వారు. అక్కడితో ఆగినా నేను క్షమించేవాణ్నేమో.

మా దిక్కు పోచమ్మకు సాక పోస్తారు. కల్లో, సారానో, బీరో, ఏది తాగబోతే అది ముందు అమ్మ గద్దె దగ్గర నేల మీద ధార పోసి, తర్వాత తాము తాగుతారు. గుక్కెడు పోస్తే చాలు. ఇంటి పెద్ద కాబట్టి పోసే హక్కు బావదే. తను ముందే ఒక గుక్క మింగిన సంగతి పక్కనపెట్టి, మిగిలిన నా ఐదు సీసాలనూ చంకల్లో ఇరికించుకుని పెరట్లోని గద్దె దగ్గరికి నడిచాడు.

“అమ్మా పోచమ్మ తల్లీ! మా బామ్మర్ది దేశాలు తిరిగొచ్చి నీకు తెచ్చిండు. మనుషులు తాగేటిది కాదు, నువ్వే సల్లగ తాగు!”

ఒక్కొక్కటే అడుగు చుక్క దాకా వంపేశాడు. దేవత పేరు చెప్పి పోస్తున్న చేతిని ఎవడు పట్టుకుంటాడు? అమ్మ నోటి ముందు నుంచి లాక్కున్నట్టవుతుంది. కడిగిన గ్లాసులు పట్టుకుని నిలబడి చూశాను. మట్టి మీద మూడు వేళ్ల నురగ లేచింది. అంత చక్కటి నురగ నేనెప్పుడూ పోయలేదు.

తిరుగు బస్సులో పగ తీర్చుకునే దారులు ఎన్ని ఆలోచించానో. బండి టైర్ల గాలి తీయడం, చెప్పులు బావిలో వేయడం. అన్నీ చిల్లర పగలు. నాకు పెద్దది కావాలి. ఆ చేత్తోనే ఆ బీరు తెప్పించాలి. ఆ నోటితోనే, ఐసు లేకుండా, నురగతో సహా, ఆ చుట్టాల ముందరే తాగించాలి.

పది రోజుల్లో దారి దొరికింది. అక్క ఫోన్ చేసింది. గద్దె పక్కనున్న బోరు ఎండాకాలమంతా ఒట్టిగా మూలిగింది, ఇప్పుడు ధారగా నీళ్లు పోస్తోందట. ఆ వారమంతా బెల్లంపల్లిలో వాన దంచికొట్టింది. ఆ సంగతి నాకు తెలుసు, అక్కకూ తెలుసు. బావ తల్లికి మాత్రం వాన మీద అంత నమ్మకం లేదు. నేను మర్నాడే వెళ్లి ఆ ముసలామె మంచం పక్కన కూర్చున్నాను.

“అత్తా, ఓ ముచ్చట చెప్త, తిట్టవు గద?”

“నీ కోతలు నాకెందుకు బిడ్డా.”

“కోత కాదత్తా. అమ్మ కలలకొచ్చింది. నోటి సుట్టు తెల్లగ నురగ. ‘గా చేదు నీళ్లు పోసిన చెయ్యి మళ్లెప్పుడు పోస్తది?’ అన్నది.”

ఆమె లేచి కూర్చుంది. కల రాలేదు. అది అత్తకు చెప్పిన అబద్ధం. మీకు నిజమే చెబుతున్నాను కాబట్టి నా ఒట్టు చెడదు.

ఆమె నన్ను నమ్మలేదు, బోరును నమ్మింది. “పోసింది నా కొడుకే, నా కండ్లతోటి సూసిన” అంటూ అప్పటికప్పుడు మొక్కుకుంది. ఏటా శ్రావణంలో అవే సీసాలు ఆరు, కొడుకే స్వయంగా వెతికి తేవాలి. ఐదు తన చేత్తో సాక పోయాలి. ఆరోది ప్రసాదంగా తనే తాగాలి.

“ఐసేసుకోవచ్చునా అత్తా?” అన్నాను మెల్లగా.

“అమ్మకు ఐసేసి పోసిండా? మరి వానికెందుకు?”

మరుసటి శ్రావణానికి ముందు బావ ఫోన్.

“బామ్మర్దీ, బెల్లంపల్లిల లేదు, మంచిర్యాలల లేదు. కరీంనగర్ల వైన్స్‌కాడ అడిగితె మందుల దుకాణంకు పొమ్మన్నడు. మస్తు పరేషాన్ అయితున్న. జర నువ్వే తెచ్చిపెట్టు.”

“నాకేం తెలుసు బావా? నేను గాలి పోసేటోణ్ని.”

“గట్లనకుర. తప్పైంది.”

“ఇనబడలే. బస్సుల ఉన్న.” నేను ఇంట్లో మంచం మీద పడుకుని ఉన్నాను.

“తప్పైందంటున్న!”

“ఫోను అక్కకియ్యి. అక్క ముంగట మళ్ల అను.”

అన్నాడు. అయినా దుకాణం ఎక్కడో చెప్పలేదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణం అన్నాను, అంతే. రెండు రోజులు తిరిగి, కాళ్లు వాచిపోయి తెచ్చాడు.

బోనాల రోజు ఐదు సీసాలు గద్దె ముందు పోశాడు. ఆరోది నేను తీసుకున్నాను. తడి ఆరని గాజు గ్లాసు నిలబెట్టి, తొందర పడకుండా పోశాను. మూడు వేళ్ల నురగ, ఒక వెంట్రుక ఎక్కువా లేదు, తక్కువా లేదు. బావ చెయ్యి అలవాటుగా నురగను తోసెయ్యబోయింది. ముసలామె ఆ చేతి మీద ఫట్‌మని కొట్టింది.

“అమ్మ నోట్ల ఉన్నదిర గది! తాగు!”

తాగాడు. ముఖం ఎండిన నిమ్మకాయలా ముడుచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రతి గుక్కకూ నా వైపు చూశాడు. ప్రతి గుక్కకూ నేను తలాడించాను.

ఒట్టు పెట్టాను కాబట్టి ఒప్పుకోక తప్పదు. తాగింది నిజం. ముడుచుకున్న ముఖం, కన్నీళ్లు, ఆ చూపు, అవి నేను కల్పించినవి. జరిగింది వేరు. బావ మొదటి గుక్క తాగి ఆగాడు. మీసం మీది నురగ తుడుచుకోలేదు. రెండోది నెమ్మదిగా తాగాడు. “ఐసు లేకుంటె గిట్లుంటదా?” అన్నాడు. నాతో కాదు, గ్లాసుతో. సీసాలో మిగిలింది తనే వంపుకున్నాడు. నాకు చుక్క ఉంచలేదు.

ఇప్పుడు ఏ దావత్‌లోనైనా చుట్టాల మధ్య కూర్చుని నురగ గురించి పాఠం చెబుతాడు. నన్ను చూసి నవ్వినవాళ్లే బుద్ధిగా తలలూపుతారు. ఇదంతా చెప్పింది నేనే కదా అంటే, “ఇగ ఆపు తమ్మీ, మీ బావను జర చెప్పనియ్యి” అంటుంది మా అక్క.

అందుకే పైన రాసిన ఆ నిమ్మకాయ ముఖాన్ని కొట్టేయడం లేదు. బెల్లంపల్లిలో నాకది దక్కలేదు. కనీసం ఈ కాగితం మీదైనా ఆయన ఆ చేదును చేదుగానే మింగాలి.