గోడకు జానెడు దూరంలో బియ్యం బస్తాలు

పదిహేను రోజుల కింద ఒక సోమవారం పొద్దున హాస్టల్ ఆఫీసులో ఫోను మోగింది. వార్డెన్ మేడం మాట్లాడి, వంటగది గుమ్మంలోకి వచ్చి, "పెద్దక్క పోయిందంట. ఉప్పునుంతల నుంచి చేసిండ్రు" అంది. నేను ఎసట్లో పప్పు పోస్తున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. మొదట మనసులో మెదిలిన మాట చెబితే మీరేమనుకుంటారో, అయినా చెబుతాను: ఇక ఈ వంటగది నాదే. ఆ మాట మెదిలినందుకే తర్వాత ఎక్కువ ఏడ్చాను.

నాగర్‌కర్నూల్‌లోని మా ఆడపిల్లల హాస్టల్‌లో ఆమె పెద్ద వంటమనిషి. జబ్బుచేసి సొంతూరు ఉప్పునుంతలకు వెళ్లి మూడు నెలలే అయింది. పిల్లలు, మేడం, కూరగాయల బండి అతను, అందరికీ ఆమె పెద్దక్కే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఆమె కింద పనికి చేరాను. కూర నాకే బాగా కుదిరేది. గొప్పకు చెప్పడం లేదు, పిల్లలే అనేవారు. అయినా పైనుంచి ఏ అధికారి వచ్చినా నా కూర రెండు ముద్దలు తిని, వంటగదంతా తిరిగి చూసి, "ఈగ కూడా లేదే!" అని ఆమెనే మెచ్చుకుని వెళ్లేవాడు. నాకు కడుపు మండేది.

ఈగ ఊరికే లేకుండా పోదు కదా. ఆమె బియ్యం బస్తాలను చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టించేది. రోజూ పొద్దున్నే ఆ సందులో టార్చిలైటు వేసి చూసేది. తలుపు కింద సందుకు పాత సైకిల్ టైరు ముక్క కొట్టింది. నీళ్లు పోయే మోరీకి జాలీ తనే బిగించింది. నేను పని ముగించి చెప్పులు వేసుకున్నాక పిలిచి మరీ చెప్పేది:

"తడి ఉన్నకాడ బొద్దింక కాపురం పెడ్తది చెల్లె. జర తుడిచిపో."

ఆ గొంతులో కోపం ఉండేది కాదు. ఉన్నా బాగుండేది, నేనూ నాలుగు తిట్టుకునేదాన్ని.

ఒక వానాకాలం ఆమె కూతురి కాన్పుకని అచ్చంపేట వెళ్లింది. పది రోజులు వంటగది నా చేతికి వచ్చింది. మొదటిరోజే బస్తాలన్నీ గోడకు చేర్పించాను. నడవడానికి చోటు వచ్చిందని మేడం అంటే పొంగిపోయాను. వారం తిరిగేసరికి ఒక బస్తా మూల కొరికి ఉంది. మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. పట్టు కొరికే ఎలుకలకు మందు పెట్టడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. సంతలో పొట్లం కొని, పిండిలో కలిపి, మూడు ఉండలు చేసి బస్తాల వెనక పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

పెద్దక్క తిరిగి వచ్చిన పొద్దున సంచి కూడా దించకుండా బస్తాల వెనక వంగి చూసింది. రెండు ఉండలు దొరికాయి. మూడోది ఎలుక ఈడ్చుకుపోయినట్టుంది, చిరిగిన బస్తాలో బియ్యం మధ్య చితికి కనిపించింది.

"దీంట్లకెల్లి పిల్లలకు వండినవా?" అని అడిగింది.

"లేదక్కా. గియ్యాల్నే విప్పుదామనుకున్న."

ఆమె అక్కడే నేల మీద కూర్చుని అంది: "ఎలుకను సంపుడు గాదు చెల్లె, రానియ్యకుండ జేసుడే మన పని. దానికి తిండి మనమే పెడ్తం, మల్ల దాన్నే తిడ్తం."

ఆ వరుస బస్తాలన్నీ పెరట్లో గొయ్యి తీయించి పూడ్పించింది. మేడం వచ్చి, ఎవరు చేశారని గట్టిగా అడిగింది. నేను నోరు తెరిచేలోపే పెద్దక్క అంది: "తప్పు నాదే మేడం. ఊరికి పొయ్యేటప్పుడు మందు పెట్టి, చెల్లెకు చెప్పుడు మర్సిన."

పిల్లలందరి ముందూ మేడం ఆమెను తిట్టింది. ఆమె తల వంచుకుని నిలబడింది. నేను బతికిపోయాను. కృతజ్ఞత లేదని అనను. కానీ దాని అడుగున ఇంకోటి రగిలింది. చివరికి నా తప్పును కూడా ఆమే తీసుకుని నాకంటే పెద్దదైపోయింది. మధ్యాహ్నం ఆమె ఎలుక బొరియలో గాజుపెంకులు కూరి సిమెంటు మెత్తుతుంటే, నేను సిమెంటు కలిపిన గమేళా పట్టుకుని పక్కనే ఉన్నాను. అప్పుడైనా ఒక మాట అనాల్సింది, అనలేదు. మందు పెట్టింది నేనేనని మేడంకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

దినానికి ఉప్పునుంతల వెళ్లాను. తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడితే, పసిపిల్లను ఎత్తుకున్న ఒకామె పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దక్కా! నన్ను గుర్తు పట్టినవా? చిన్నప్పుడు నాగర్‌కర్నూల్ హాస్టల్ల ఉంటుంటి. నీ అన్నంల ఒక్కనాడు పురుగు సూడలే నేను."

ఏళ్ల కింద చూసిన మనిషి, మొహం మరిచిపోయినట్టుంది. పెద్దక్కను నేను కాదమ్మా, ఆమె పోయింది అని చెప్పాలి. కానీ నా చెయ్యి పట్టుకున్నామె కళ్లలో అంత సంతోషం ఉంది. అలాంటి చూపుతో నన్ను ఇన్నేళ్లలో ఎవరూ చూడలేదు.

"మంచిగున్నవా బిడ్డా?" అన్నాను.

ఇంతలో ఆమె బస్సు వచ్చింది. ఎక్కి కూర్చుని, ఒళ్లోని పిల్లతో "అవ్వకు దండం పెట్టు" అంది. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా, కిటికీ కమ్మీల వెనక ఆ పసిది నాకు చేతులు జోడించే ఉంది.