తల ఊపే ఓబులేసు

ఆళ్లగడ్డలో రాతిబొమ్మలు చెక్కే ఓబులేసుకు 1955 ఎండాకాలంలో కుడికన్ను పోయింది. ఉలి కింద నుంచి లేచిన రాతిపెళ్ళ ఎగిరొచ్చి తగిలింది. అంతవరకూ బొమ్మలు చెక్కే కొట్టంలో దేవతల ముఖాలన్నీ అతని చేతివే. పని నేర్పిన మేనమామ సుబ్బయ్య మేస్త్రి మెడ దాకా చెక్కి, "ముఖం మా ఓబుడు చూసుకుంటాడులే" అని లేచిపోయేవాడు.

కట్టు విప్పాక తెలిసొచ్చింది. లోకం గోడకు అంటించిన పటంలా అయిపోయింది. ఏది ముందుందో, ఏది వెనకుందో తెలియదు. చెంబులోకి వంచిన నీళ్ళు నేలపాలయ్యేవి. అయితే తల కాస్త అటూ ఇటూ ఊపితే దగ్గరివి ఎక్కువ జరిగేవి, దూరానివి కదిలీ కదలనట్టుండేవి. అలా ఊపుకుంటూ లోతు పట్టుకోవడం తనంతట తానే అలవాటు చేసుకున్నాడు.

బొమ్మలకు నునుపు పట్టే ఖలందర్ అది చూశాడు. "ఏందప్పా, గంగిరెద్దు మాదిరి తలూపుతాండావ్? సన్నాయి తెప్పించేదా?"

కొట్టమంతా నవ్వింది. ఆ సిగ్గు ఓబులేసు మెడను బిగించేసింది.

ముఖాల పని తిరిగి ఇమ్మని అడిగిన రోజు, సుబ్బయ్య తన ఉలి మొన గాలిలో నిలిపి పట్టుకున్నాడు. "నీ ఉలి మొన తెచ్చి దీనికి తాకించు. తాకితే ముఖాలు నీవే."

అందరూ చూస్తున్నారు. ఓబులేసు తల కదపలేదు. చాచిన ఉలి బెత్తెడు ఇవతలే ఆగింది. రెండోసారి దాటిపోయింది.

"కన్నుతో పాటే ఆ పనీ పోయిందిరా. రోళ్ళు చెక్కుకో," అన్నాడు మామ. తిట్టినా బాగుండేది. జాలిపడి అన్నాడు, ఓబులేసుకు అదే ఎక్కువ మంట.

రెండేళ్ళు రోళ్ళు చెక్కాడు.

1957లో నంద్యాలలో ఒక బడికి రాతిపలక బిగించడానికి పోయాడు. వరండాలో యోహాను సారు పిల్లలకు పాఠం చెబుతున్నాడు. బొటనవేలు ముఖానికి ఎదురుగా నిలిపి, ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడమన్నాడు. "వేలు ఎగిరింది సారూ!" అని పిల్లలు అరిచారు. "వెనకున్న స్తంభం మీద అది ఎంత జరిగిందో చూస్తే, వేలు ఎంత దూరమో చెప్పొచ్చు. చుక్కల దూరం కొలిచేదీ ఇట్లే," అన్నాడు సారు.

ఓబులేసు పలక వదిలేసి లేచాడు. "ఒంటికన్నోడు ఏం జెయ్యాల సారూ?"

యోహాను అతని ముఖంలోకి చూశాడు. జాలి పడలేదు. "చుక్కల కాడ మనమంతా ఒంటికన్నోళ్ళమే అన్నా. మన రెండు కళ్ళ ఎడం అంత దూరానికి యాడ చాలుతాది? అందుకే ఇప్పుడొక ఫొటో తీస్తారు. ఆర్నెల్లు ఆగుతారు. అప్పటికి భూమి సూర్యునికి అవతలి పక్కకు పోయుంటాది. మళ్ళా తీస్తారు. దూరపు చుక్కల మధ్య దగ్గరి చుక్క రవ్వంత జరిగుంటాది. ఆ జరుగుడూ, భూమి దాటిన వెడల్పూ తెలిస్తే దూరం లెక్కకొస్తాది."

"రవ్వంత అంటే?"

"సూర్యుడు కాక అన్నిటికంటే దగ్గరి చుక్క గూడా, రెండు మైళ్ళకవతల నిలబెట్టిన రూపాయిబిళ్ళ వెడల్పంతే జరుగుతాది."

"ఏడాదికి భూమి మొదటి చోటికొచ్చినా, చుక్క మొదటి చోట లేకుంటే?"

"అది దాని సొంత నడక."

"అంటే భూమి గూడా అటూ ఇటూ ఊగే చూస్తాంది."

"అంతే," అన్నాడు సారు.

ఆళ్లగడ్డ బస్సు దిగేదాకా ఓబులేసు ఆ మాటే నములుతూ వచ్చాడు. ఒక నవ్వుకు భయపడి రెండేళ్ళు మెడ బిగించుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు రోలు పక్కకు దొర్లించి, సగం చెక్కిన అమ్మవారి బొమ్మ ముందు కూర్చున్నాడు. "మామా, ఉలి పట్టు."

సుబ్బయ్య పట్టాడు. ఓబులేసు అందరి ముందూ దర్జాగా తల ఊపాడు. మొనకు మొన టక్కున తాకింది. మామ చెయ్యి చోటు మార్చినా తాకింది.

ఖలందర్ నోరు తెరవబోయాడు.

"నవ్వన్నా, నవ్వు. భూమే ఊగుతాంది, నేనూగితే నీకేం నొప్పి?"

సుబ్బయ్య ఉలి దించాడు. "తాకించినావు, సరే. అమ్మవారి ముందర ఆ ఊగుడేందిరా? బొమ్మ చేయించుకునేవాళ్ళు చూస్తే పారిపోతారు. కుదురుగా కూర్చోని చెయ్యి."

"కుదురుగా కూర్చోని రెండేళ్ళు రోళ్ళు చెక్కినా. ఇంక నా వల్ల కాదు. పారిపోయేవాళ్ళను పోనీ."

మేస్త్రి కదల్లేదు. అతని నీడ అమ్మవారి ముఖం మీద పడుతోంది.

"వెలుతురుకు అడ్డమొస్తాండావ్. పక్కకు జరుగు మామా."

సుబ్బయ్య జరిగాడు. ఓబులేసు తల ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊపి, ముక్కు మొన దగ్గర మొదటి దెబ్బ వేశాడు.