లింబాద్రికి దొరికిన వేషం

లింబాద్రి పుట్టింది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లెలో. ఇప్పుడు బహ్రెయిన్‌లో, అద్లియాలోని ఒక కేఫ్ వంటింట్లో పని. గల్ఫ్ బతుకుల మీద యూట్యూబ్‌లో వచ్చే చిన్న సినిమాలు చూసేవాళ్ళలో చాలామందికి ఆ ముఖం తెలుసు, పేరు తెలియదు. తాను మగా కాదు, ఆడా కాదు అంటారు లింబాద్రి. అందుకే ఇక్కడ 'అతను' అనీ 'ఆమె' అనీ రాయడం లేదు. తన గురించి నేను రాస్తానంటే తను అడిగింది అదొక్కటే.

తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పోచవ్వ బీడీలు చుట్టేది. బడి నుంచి రాగానే లింబాద్రి అరుగు మీద ఆడవాళ్ళ పక్కన చేరి తునికాకు కత్తిరించేవారు. చేతులు ఆకు మీద, కళ్ళు మనుషుల మీద. ఒకామె దారం పంటితో తెంపే తీరు, ఇంకొకామె నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకునే తీరు చూసి, అడిగితే అచ్చం అలాగే చేసి చూపించేవారు. ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. అన్న లింగన్నకు మాత్రం అది నచ్చేది కాదు. మగపిల్లల మధ్యకు పోయి ఆడుకొమ్మని చెయ్యి పట్టి లాక్కుపోయేవాడు. కాసేపటికి లింబాద్రి మళ్ళీ అరుగు మీదే కనబడేవారు.

వయసు వచ్చాక లింగన్నే ఏజెంటును పట్టుకుని దుబాయి పంపించాడు. అక్కడి కష్టానికి మనిషి దారిన పడతాడని అతని నమ్మకం. ఆ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. లింబాద్రి దిగింది బహ్రెయిన్‌లో.

కంపెనీ పని ప్లాస్టరింగు, జిప్సం సీలింగులు. కూలీలు ఉండే క్యాంపు తుబ్లీలో. గదిలో పక్క మంచం పరశురాందే. కోరుట్ల వైపువాడు, మేస్త్రీ. శుక్రవారం సెలవు రోజున ఫోనుతో చిన్న సినిమాలు తీసేవాడు. ఏజెంటు మోసం, పనిలో పెట్టుకున్న యజమాని, అంటే కఫీల్, పాస్‌పోర్టు ఇవ్వకపోవడం, ఇంటి దగ్గర చావు కబురు, ఇవే అతని కథలు. నటించేదీ క్యాంపువాళ్ళే. చిక్కల్లా ఆడ వేషాలతోనే వచ్చేది, క్యాంపులో ఆడవాళ్ళు ఉండరు కాబట్టి. పనిపోయిన మొగుడు ఆ సంగతి దాచి పెళ్ళాంతో ఫోనులో మాట్లాడే కథ ఒకటి తీయాలనుకున్నప్పుడు, పెళ్ళాం వేషం ఎవరు వేస్తారని పరశురాం గదిలో అడిగాడు. ఎవరో ఒకరికి చీర చుట్టి నవ్వు పుట్టించాలని అతని ఉద్దేశం. లింబాద్రి తను వేస్తానన్నారు.

డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన చిత్రీకరణ. చీర కట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులతో లేని బీడీ చుడుతూ లింబాద్రి మాట్లాడారు. అబద్ధం చెబుతున్నాడని తెలిసినా తెలియనట్టుండే ఆడమనిషి మాటలు అవి. చేతులు ఒక్కచోట ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి. చుట్టూ నవ్వడానికి సిద్ధపడి నిలబడ్డవాళ్ళు నవ్వలేదు. ఆ సినిమా ఊళ్ళలో ఫోను నుంచి ఫోనుకు పాకింది. ఆ ఆడామె ఎవరు, ఏ ఊరు అని జనం కామెంట్లలో అడిగారు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. తల్లి, అత్త, చెల్లె, ఏ వేషమైనా లింబాద్రిదే. వేషం డాబా మీదే కట్టేవారు, డాబా మీదే విప్పేవారు. ఆ దేశంలో చీరతో గేటు దాటితే ఏమవుతుందో అందరికీ తెలుసు. పనిలోకి పోయినప్పుడు పెరిగిన జుట్టు హెల్మెట్ కింద ముడివేసి ఉండేది. ఫోర్‌మన్ కత్తిరించమనేవాడు, లింబాద్రి తలూపి ఊరుకునేవారు.

తర్వాత సాయికుమారి వచ్చింది. తుని దగ్గరి మనిషి, హమద్ టౌన్‌లో ఒక ఇంట్లో పని. ఆమె భర్త లోవరాజు పరశురాం సైటులోనే స్కాఫోల్డింగ్ కట్టేవాడు. తన భార్య ఊళ్ళో నాటకాలు ఆడేదని అతనే చెప్పాడు. ఆమె శుక్రవారాలు భర్తతో కలిసి రావడం మొదలుపెట్టింది. నిజంగానే బాగా చేసేది. పరశురాంకు అంతకన్నా కావలసింది లేదు. ఆడ వేషాలన్నీ ఆమెకు పోయాయి. లింబాద్రికి ఏజెంటు, హీరో స్నేహితుడు, కఫీల్ డ్రైవరు మిగిలాయి.

అవి తనకు కుదరలేదు. గొంతు బరువుగా పెట్టినా, మీసం అంటించినా కెమెరా ముందు ఒళ్ళు బిగుసుకుపోయేది. గోడ లెక్క నిలబడ్డవని పరశురాం ముఖం మీదే అన్నాడు. అది నిజమని తనకూ తెలుసు. కొన్నాళ్ళకు లింబాద్రి శుక్రవారాలు ఓవర్‌టైం అడిగి తీసుకోవడం మొదలుపెట్టారు.

సాయికుమారి ఇది గమనించింది. ఒక సాయంత్రం క్యాంపు ఎదుటి టీ దుకాణం దగ్గర లింబాద్రిని ఆపింది. లోవరాజు టీలు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

"నా మూలంగా మీ వేషాలు పోయాయని బాధగా ఉందా అన్నయ్యా? ఉంటే చెప్పండి, నేను మానేస్తాను," అంది.

లింబాద్రి తల అడ్డంగా ఊపారు.

"ఆడ వేషం పోయిందని గాదు," అన్నారు. "చీర కట్టినప్పుడు జర నిమ్మలమనిపించేది. అది గూడ పూర నాది గాదు. ఇగ ఈ ప్యాంటు షర్టు ఏసుకుంటె ఇది గూడ వేషమే అనిపిస్తది. నేను ఆడదాన్ని గాదు, మొగోన్ని గాదు. గీ ముచ్చట ఎవరికి జెప్పాల్నో తెల్వక సప్పుడు జేయకుంట ఉన్న."

సాయికుమారికి అది పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించనూ లేదు. వెళ్ళేటప్పుడు, ఈ మాట లోవరాజుకు చెప్పనా వద్దా అని అడిగింది. నీ ఇష్టమన్నారు లింబాద్రి.

తర్వాతి వారం ఆమె ఒక సంగతి పట్టుకొచ్చింది. హమద్ టౌన్‌లో తను పనిచేసే ఇంటి అమ్మాయి నూర్ యూనివర్సిటీలో సినిమా తీయడం చదువుకుంటోంది. లింబాద్రి పేరు చెప్పకుండా సాయికుమారి ఇలాంటి మనుషులు ఉంటారా అని అడిగితే, ఆ అమ్మాయి కెనడాలో సీరియళ్ళలో నటించే ఒకరి ఇంటర్వ్యూ పెట్టి చూపించింది. ఆ మనిషి కూడా రెండూ కాదట. ఆ మాట చెప్పాక వేషాలు ఆగిపోలేదట, పెరిగాయట. సాయికుమారి ఇది చెబుతూ ఆ నటుడు అంది, నాలుక కరుచుకుని ఆ నటి అంది, ఇక లాభం లేదని ఆ మనిషి అంది.

లింబాద్రి ఆ వీడియో తన ఫోనులో చూశారు. ఇంగ్లీషు తెలియదు. ఆ మనిషి కుర్చీలో ఒక కాలు మడుచుకుని కూర్చోవడం, మాట వెతుక్కుంటూ మెడ రుద్దుకోవడం, అడిగినదానికి తొందరపడకుండా జవాబివ్వడం చూశారు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి పెట్టారు.

ఆ రోజు నుంచి సాయికుమారి అన్నయ్య అనడం మానేసింది. అక్క అనాలంటే అదీ తప్పేనని, "లింబాద్రి గారూ" అని పిలవసాగింది. సిమెంటు కలిపే మనిషికి గారేమిటని క్యాంపులో నవ్వారు. మా వైపు అందరినీ అలాగే అంటామని ఆమె తేలిగ్గా కొట్టిపారేసింది.

పరశురాంతో మాట్లాడింది కూడా ఆమే. లింబాద్రికి ఆడా మగా చెప్పనక్కర్లేని వేషం ఒకటి రాయమంది. పరశురాం ఇబ్బంది పడ్డాడు. చూసేవాళ్ళు బూతులు తిడతారని, ఛానెల్ పోతుందని అన్నాడు. సాయికుమారి వాదించలేదు. క్రితం వేసవిలో ఎండదెబ్బ తగిలి జ్వరంతో పడుంటే నిన్ను చూసుకున్నదెవరని అడిగింది. పరశురాం తల గీరుకున్నాడు. చూసుకున్నది లింబాద్రి. ఒళ్ళు తుడిచి, గంజి తాగించి, డ్యూటీకి పోయి వచ్చి మళ్ళీ తుడిచారు.

పది రోజుల్లో అతను కథ రాసుకొచ్చాడు. క్యాంపు గదిలో ఒకడికి జ్వరం. పలవరింతలో పక్క మంచం మనిషిని ఒకసారి అవ్వా అంటాడు, ఒకసారి నాయినా అంటాడు, ఒకసారి పెళ్ళాం పేరు పెట్టి పిలుస్తాడు. పక్క మంచం మనిషి అన్నిటికీ పలుకుతారు. అంతే కథ.

రోగి వేషం పరశురాం తనే వేసుకున్నాడు. ఫోను లోవరాజు పట్టుకున్నాడు. లింబాద్రి గదిలో రోజూ ఉన్నట్టే, లుంగీ మీద వదులు చొక్కాతో, జుట్టు వెనక్కి ముడివేసుకుని వచ్చారు. మీసమూ లేదు, పూసలూ లేవు. ఎవరెలా పిలిచినా చెప్పవలసిన మాట ఒక్కటే.

"ఆఁ. ఈడనే ఉన్న."

మొదటిసారి తడిగుడ్డ పిండుతూ అన్నారు. రెండోసారి తలుపు దగ్గర నుంచి, వెనక్కి తిరగకుండా అన్నారు. పెళ్ళాం పేరుకు వెంటనే పలకలేదు. మంచం అంచున కూర్చుని, రోగి చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, ఆ తర్వాత మెల్లగా అన్నారు. పరశురాం కళ్ళు మూసుకుని పడుకున్నవాడు కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. లోవరాజు తీస్తూనే ఉన్నాడు, అది కూడా సినిమాలో ఉండిపోయింది.

సినిమా బయటికి వచ్చాక పరశురాం భయపడ్డదీ జరిగింది, అనుకోనిదీ జరిగింది. చాలామంది ఏడ్చామని రాశారు. ఇంతకీ ఇది ఆడా మగా అని కొందరు అడిగారు. పరశురాంకు ఏం రాయాలో తెలియక లింబాద్రినే అడిగితే, రెండూ కాదని రాయమన్నారు. అతను రాశాడు. దాంతో బూతులు మొదలయ్యాయి. గదిలో ఇద్దరు వేరే గది కావాలని అడిగి వెళ్ళిపోయారు. క్యాంపు ఇన్‌చార్జి పిలిచి ఇకమీదట ఇక్కడ షూటింగులు ఖలాస్ అని చెప్పాడు. లింగన్న ఫోను చేసి, ఊళ్ళో తల ఎత్తుకోనివ్వకుండా చేశావని, ఇంటికి రావద్దని చెప్పి పెట్టేశాడు.

రెండు రోజుల తర్వాత పోచవ్వ చేసింది, కోడలు, లింగన్న భార్య ముత్తెమ్మ ఫోను నుంచి. ముత్తెమ్మే ఆమెకు సినిమా చూపించిందట.

"పెద్దోడు ఎగురుతున్నడు. ఎగరనియ్యి," అంది పోచవ్వ. "నీకు జరమస్తె ఎవలు జూస్తున్నరు బిడ్డా?"

ఇక్కడ అందరున్నారు అవ్వా అన్నారు లింబాద్రి. ఇన్నేళ్ళలో తల్లి అడిగిన ప్రశ్నల్లో తను జవాబు తడుముకున్నది అదొక్కటేనని తర్వాత నాతో చెప్పారు.

పరశురాం ఛానెల్ చూసేవాళ్ళు కొంత తగ్గారు. అతను మళ్ళీ ఏజెంట్ల కథలకు పోయాడు. స్నేహం చెడలేదు కానీ తర్వాతి సినిమాల్లో లింబాద్రి లేరు. కాంట్రాక్టు ముగిశాక లింబాద్రి కంపెనీ మారి అద్లియా కేఫ్‌లో చేరారు. మొదట గిన్నెలు కడగడం, తర్వాత కూరగాయలు తరగడం. జుట్టు గురించి అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. వంటింట్లో అందరికీ టోపీయే.

నూర్ అక్కడికే వచ్చింది. జ్వరం సినిమాను సాయికుమారి ఎప్పుడో చూపించిందట. చదువు చివర తను తీయవలసిన సినిమాలో ఒక వేషం ఉంది. ఆసుపత్రిలో తుడిచే పనివాళ్ళలో ఒకరు, చూసేవాళ్ళు రాని ఒక ముసలామె పక్కన రోజూ కాసేపు కూర్చుని పోతారు. మాటలు హిందీలో. నూర్ హిందీ ఇంట్లో పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నది, లింబాద్రిది సైట్లలో నేర్చుకున్నది.

ఆఖరి సీనులో ముసలామెతో 'నేను వెళ్తున్నాను' అని చెప్పాలి. నూర్ 'మై జా రహా హూఁ' అని రాసి, మగవాళ్ళలా రహా అనాలా, ఆడవాళ్ళలా రహీ అనాలా అని అడిగింది. లింబాద్రి రెండూ అని చూశారు. రెండూ నోట్లో రాయిలా ఉన్నాయి. తెలుగులో ఈ బాధ లేదు, పోతున్న అంటే ఎవరైనా పోతున్నట్టే. సైటులో అందరూ అనే మాట ఒకటి గుర్తొచ్చి అదన్నారు: "ముఝే జానా హై." వెళ్ళాలి నేను. నూర్ ఒకసారి తనలో తను అనుకుని చూసింది. వెళ్తున్నానన్న దానికన్నా వెళ్ళాలన్నదే ఆ ముసలామెకు ఎక్కువ నొప్పి కలిగిస్తుందని, అదే ఉంచుదామని అంది.

ఆ సినిమాను మనామాలో ఒక చిన్న హాల్లో వేశారు. సాయికుమారి, లోవరాజు, పరశురాం ముగ్గురూ వచ్చారు. లింబాద్రి డ్యూటీ బట్టల్లోనే వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. తెర మీద పేర్లు అరబీలో పడ్డాయి. తన పేరు ఏదో తెలియలేదు. ఆ తర్వాత నూర్ స్నేహితులు ఇంకో రెండు చిన్న వేషాలకు పిలిచారు. ఒకదాంట్లో బస్సు ప్రయాణికుల్లో ఒకరు, ఒకదాంట్లో చేపల మార్కెట్లో మంచు కొట్టే మనిషి. సెలవు దొరికితే వెళ్తారు. దొరకకపోతే లేదు.

పోయిన సంవత్సరం లింబాద్రి ఊరికి వెళ్ళొచ్చారు. పోచవ్వ దగ్గరే దిగారు. లింగన్న ఇల్లు రెండు సందుల అవతల. అతను రాలేదు. ముత్తెమ్మ మాత్రం పిల్లల్ని తీసుకుని వచ్చి, పిల్లలు అడుగుతున్నారు, వాళ్ళతో ఫోటోలు దిగమని లింబాద్రికి చెప్పింది.

ఈ మధ్య లింగన్న పరశురాంకు ఫోను చేశాడు. లింబాద్రికి కాదు. అవీ ఇవీ మాట్లాడి, చివర్లో, కొత్త సినిమా ఏమన్నా వచ్చిందా, అవ్వ అడుగుతున్నది అన్నాడట. వచ్చిందని, చేపల మార్కెట్ సినిమా లింకు పంపిస్తానని పరశురాం చెప్పాడు. పంపించాడు. రాత్రికి వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకేమీ రాలేదు. ఆ సంగతి పరశురాం చెప్పినప్పుడు లింబాద్రి ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. చూసిండా అని అడిగారు. చూశాడన్నాడు పరశురాం. లింబాద్రి ఇంకో ఉల్లిగడ్డ అందుకున్నారు.